మెడిగ్యాప్ ఎప్పుడు తీసుకోవాలి: 65 నిండగానేనా, రిటైరయ్యాకా, అడ్వాంటేజ్ ఓసారి చూశాకా?

అమెరికాలో ఎవరికైనా 65 నిండబోతున్నాయంటే చాలు, మెయిల్‌బాక్స్ నిండా ఇన్సూరెన్సు కాగితాలే. ఫోన్లు సరేసరి. తెలుగు సభల్లో స్టాలు పెట్టుకున్న ఏజెంటు కుర్రాడు "నెలకు జీరో డాలర్లు అంకుల్, పళ్లకీ కళ్లకీ కూడా వాళ్లే ఇస్తారు" అంటాడు. 65 నిండినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్సు మెడికేర్, అది కట్టగా మిగిలే ఖర్చుకు కొనుక్కునే ప్రైవేటు ప్లాను మెడిగ్యాప్. అందులో పక్కింటాయన ప్లాన్ జి తీసుకోమంటాడు, వియ్యంకుడు ప్లాన్ ఎన్ చాలంటాడు.

జి మంచిదా ఎన్ మంచిదా అన్నది నిజానికి తర్వాత తేల్చుకోవచ్చు. ముందు తేలాల్సింది పార్ట్ బి, అంటే మెడికేర్‌లో డాక్టర్ల ఖర్చు చూసుకునే భాగం, ఏ నెలలో మొదలుపెట్టాలన్నది. మెడిగ్యాప్ గడియారం తిరగడం మొదలయ్యేది ఆ తేదీ నుంచే. ప్లాను ఎంపికలో పొరపాటు జరిగితే నెలకు ఇరవయ్యో ముప్పయ్యో డాలర్లు పోతాయి. తేదీలో పొరపాటు జరిగితే అసలు ప్లానే దొరక్కపోవచ్చు.

అసలు మెడిగ్యాప్ ఎందుకు

మెడికేర్‌లో పార్ట్ ఏ ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకు, పార్ట్ బి డాక్టర్లకు, టెస్టులకు, చేరకుండా చేయించుకునే వైద్యానికి. 2026లో పార్ట్ ఏ డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్సు కట్టడం మొదలయ్యేలోపు మన జేబులోంచి పెట్టాల్సింది, 1,736 డాలర్లు. పార్ట్ బి డిడక్టిబుల్ 283 డాలర్లు. అది కట్టాక కూడా పార్ట్ బి బిల్లుల్లో 20 శాతం మనదే, దానికి పైపరిమితి అంటూ లేదు. కీమోథెరపీ లాంటి వాటికి మెడికేర్ ఒప్పుకున్న మొత్తం లక్ష డాలర్లయితే మన వంతు 20 వేలు. ఆ 20 శాతాన్ని, ఆసుపత్రి డిడక్టిబుల్‌ను భరించడానికి ప్రైవేటు కంపెనీలు అమ్మేదే మెడిగ్యాప్. మందులు ఇందులో రావు, వాటికి పార్ట్ డి విడిగా తీసుకోవాలి.

ఇక కీలకమైన నిబంధన. మీకు 65 నిండి, పార్ట్ బి కూడా మొదలైన నెల ఒకటో తేదీ నుంచి ఆరు నెలలు మీ మెడిగ్యాప్ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్. పార్ట్ బి 2026 ఆగస్టు 1న మొదలైతే 2027 జనవరి 31 దాకా. ఈ ఆరు నెలల్లో మీ రాష్ట్రంలో అమ్ముతున్న ఏ ప్లానైనా అడగొచ్చు. కంపెనీ కాదనకూడదు, జబ్బుందని ఎక్కువ ప్రీమియం వేయకూడదు. ఈ గడువును పొడిగించరు, ఏటా మళ్లీ ఇవ్వరు.

ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 వరకు టీవీల్లో ఊదరగొట్టే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ వేరు. అది మెడికేర్‌ను ప్రైవేటు కంపెనీల ద్వారా తీసుకునే అడ్వాంటేజ్ ప్లాన్లకు, పార్ట్ డి మందుల ప్లాన్లకు. "ఈ ఏడాది కుదరలేదు, అక్టోబరులో మెడిగ్యాప్ తీసుకుంటా" అనేవాళ్లు చాలామంది కనిపిస్తారు. అక్టోబరుకూ మెడిగ్యాప్‌కూ సంబంధం లేదు.

ఆరు నెలలు దాటాక అప్లికేషన్ పెడితే ఏం జరుగుతుందో తెలియాలంటే ఆ ఫారం చూడాలి. ఇన్సులిన్ తీసుకుంటున్నారా, రోజుకు ఎన్ని యూనిట్లు? గత రెండేళ్లలో స్టెంట్ వేశారా? మోకాలు మార్చాలని డాక్టరు చెప్పాక కూడా ఇంకా చేయించుకోలేదా? చేయించాల్సిన టెస్టులేమైనా మిగిలున్నాయా? ఒక్కదానికి "అవును" అంటే చాలు, చాలా కంపెనీల్లో అప్లికేషన్ అక్కడితో ఆగిపోతుంది. షుగరు, గుండె, మోకాళ్లు... మన ఇళ్లలో వీటిలో ఏదీ లేకుండా డెబ్బై దాటినవాళ్లు ఎంతమందో మీరే లెక్కేసుకోండి. జబ్బు వచ్చాక మెడిగ్యాప్ కోసం తిరగడమంటే ఇల్లు కాలాక బావి తవ్వడమే.

తేదీ తేల్చుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, మీకు గానీ మీ భర్తకు లేదా భార్యకు గానీ *ఇప్పుడు చేస్తున్న* ఉద్యోగం ద్వారా ఇన్సూరెన్సు ఉందా, ఆ కంపెనీలో 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులు ఉన్నారా అన్నది. 20 లేదా అంతకు మించి ఉంటే ముందు కంపెనీ ఇన్సూరెన్సు కడుతుంది, మెడికేర్ తర్వాత. 20 లోపైతే ముందు కట్టాల్సింది మెడికేరే. అప్పుడు పార్ట్ బి లేకపోతే మెడికేర్ కట్టాల్సిన వాటా మీ నెత్తిన పడుతుంది. బంధువుల గ్యాస్ స్టేషన్‌లో, చిన్న కన్సల్టింగ్ కంపెనీలో చేసేవాళ్లు దీన్ని ముందుగా కనుక్కోవాలి.

రెండోది, మీ రాష్ట్రం. న్యూయార్క్, కనెటికట్‌లలో ఏడాది పొడవునా మెడిగ్యాప్ ఇవ్వాల్సిందే, జబ్బులు అడగకూడదు. అక్కడున్నవాళ్లకు ఈ వ్యాసంలోని టెన్షన్ సగం లేదు, కాకపోతే ప్రీమియంలు ఎక్కువ. కాలిఫోర్నియాలో పుట్టినరోజు నుంచి 60 రోజుల పాటు సమానమైన లేదా అంతకన్నా తక్కువ ప్లాన్‌కు మారొచ్చు, అయితే అది అప్పటికే మెడిగ్యాప్ ఉన్నవాళ్లకే. మన వాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్, న్యూజెర్సీ, జార్జియా లాంటి చోట్ల 65 దాటినవాళ్లకు ఆ ఆరు నెలలే ఆధారం.

మూడోది, ఏడాదిలో ఎన్ని నెలలు ఇండియాలో గడుపుతారు. నాలుగోది, అమెరికాలో 40 క్వార్టర్లు, అంటే పదేళ్ల పని లెక్కలో ఉందా.

ఆరోగ్యం గురించి విడిగా చెప్పడం లేదు. ఈ రోజు ఎలా ఉన్నా, 75లో ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు కాబట్టి బాగానే ఉన్నాను అన్నది వాయిదాకు కారణం కాదు.

| మీ పరిస్థితి | పార్ట్ బి | మెడిగ్యాప్ | జాగ్రత్త పడాల్సింది |
|---|---|---|---|
| 65కే రిటైర్, లేదా 20 లోపు ఉద్యోగులున్న కంపెనీ | 65 నిండే నెలకే | పార్ట్ బి మొదలైన రోజు నుంచే | ఆలస్యమైతే జీవితాంతం జరిమానా |
| పెద్ద కంపెనీలో ఇంకా ఉద్యోగం | ఉద్యోగం మానేటప్పుడు | అప్పుడు మొదలయ్యే ఆరు నెలల్లో | కోబ్రా (ఉద్యోగం పోయాక కొనసాగించుకునే కంపెనీ ఇన్సూరెన్సు), హెచ్ఎస్ఏ (వైద్యానికి పన్ను లేకుండా దాచుకునే ఖాతా) |
| ముందు అడ్వాంటేజ్ చూద్దాం అనుకునేవారు | 65 నిండే నెలకే | మొదటి 12 నెలల్లో వెనక్కి వస్తే | 12 నెలలు దాటితే ఆరోగ్య ప్రశ్నలు |
| గ్రీన్ కార్డ్ మీద వచ్చిన తల్లిదండ్రులు | అయిదేళ్లు నిండాక | పార్ట్ ఏ, బి రెండూ వచ్చాక | పార్ట్ ఏ ప్రీమియం |

65 నిండగానే తీసుకోవడం

ఉద్యోగం మానేసినవాళ్లకు, చిన్న కంపెనీల్లో ఉన్నవాళ్లకు ఇదే దారి. 65 నిండే నెలకు మూడు నెలల ముందు నుంచి మూడు నెలల తర్వాత దాకా, మొత్తం ఏడు నెలలు మెడికేర్‌లో చేరే సమయం. ముందే చేరితే పుట్టిన నెల ఒకటో తేదీ నుంచి పార్ట్ బి వస్తుంది. మెడిగ్యాప్ కంపెనీలు కూడా చాలావరకు ముందుగానే అప్లికేషన్ తీసుకుంటాయి కాబట్టి రెండూ ఒకే రోజున మొదలయ్యేలా చూసుకోవచ్చు.

ఇక్కడ మన వాళ్లకు మాత్రమే వచ్చే ఒక తిరకాసు ఉంది. ఆ తరంలో చాలామంది పుట్టినరోజు బడిలో చేర్చినప్పుడు మాస్టారు రాసిందే. జూన్ 1, జూలై 1 కోకొల్లలు. అసలు పుట్టింది ఏ కార్తీకమాసంలోనైనా సరే, సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు పాస్‌పోర్టులో ఉన్నదే లెక్క. నెల ఒకటో తేదీన పుట్టినవాళ్లకు మెడికేర్ ఒక నెల ముందే వస్తుంది. జూలై 1 అయితే జూన్ 1కే. ఏడు నెలల లెక్కా ఒక నెల ముందే మొదలవుతుంది, మెడిగ్యాప్ ఆరు నెలలు కూడా జూన్ నుంచే నడవొచ్చు.

ఆలస్యం చేస్తే ఏమవుతుంది? ఉద్యోగ ఇన్సూరెన్సు లేకుండా పార్ట్ బి మానుకుంటే, మానుకున్న ప్రతి నిండు 12 నెలలకూ 10 శాతం చొప్పున ప్రీమియం పెరుగుతుంది, అదీ జీవితాంతం. పైగా చేరడానికి జనవరి నుంచి మార్చి వరకు వచ్చే సమయం దాకా ఆగాలి. పార్ట్ బి ప్రీమియం 2026లో నెలకు 202.90 డాలర్లు. రెండేళ్ల కిందటి ఆదాయం ఒంటరివారికి 1,09,000, దంపతులకు 2,18,000 డాలర్లు దాటితే ఇంకా ఎక్కువ. ఐటీ జీతంతో రిటైరైన వాళ్లు మొదటి రెండేళ్లూ దీన్ని బడ్జెట్‌లో రాసుకోవాలి. జీతం ఆగిపోయిందని సోషల్ సెక్యూరిటీకి ఫారం పెట్టుకుంటే తగ్గించే వీలుంది.

ఉద్యోగం చేస్తూ ఆగడం

20 మంది లేదా అంతకు మించి ఉన్న కంపెనీలో ఇంకా పని చేస్తుంటే, లేదా అలాంటి చోట పనిచేస్తున్న భర్త ద్వారానో భార్య ద్వారానో ఇన్సూరెన్సు ఉంటే, పార్ట్ బి ఆపుకోవచ్చు. జరిమానా ఉండదు. ఉద్యోగం గానీ ఆ ఇన్సూరెన్సు గానీ, ఏది ముందు ఆగితే అక్కడి నుంచి ఎనిమిది నెలల్లోపు చేరాలి. నా మటుకు నాకు, ఆగగలిగినవాళ్లకు ఇదే మంచిది. పార్ట్ బి మొదలవనంత కాలం మీ మెడిగ్యాప్ ఆరు నెలలు ఖర్చు కాకుండా భద్రంగా ఉంటాయి. 69 దాకా పనిచేస్తే 69లో మొదలవుతాయి, అప్పటికి షుగరు వచ్చినా, స్టెంటు పడినా ఎవరూ అడగరు.

"ఎందుకైనా మంచిది" అని 65కే పార్ట్ బి కూడా తీసుకునేవాళ్లున్నారు. కంపెనీ ఇన్సూరెన్సు ముందు కడుతున్నప్పుడు దాని వల్ల ఒరిగేది తక్కువ. నెలకు 202.90 పోతుంది, మెడిగ్యాప్ అవసరం లేని రోజుల్లోనే ఆరు నెలలూ అయిపోతాయి. ఇన్సూరెన్సు పోయినప్పుడు కొన్ని సందర్భాల్లో ఆరోగ్య ప్రశ్నలు లేకుండా మెడిగ్యాప్ తీసుకునే 63 రోజుల ప్రత్యేక హక్కు వస్తుంది. అది ముఖ్యంగా మెడికేర్ తర్వాత కట్టే కంపెనీ ప్లాను పోయినవాళ్లకు ఉద్దేశించింది. పైగా ఆ హక్కు కింద ప్లాన్ ఎన్ ఇవ్వాలన్న నియమం లేదు.

సోషల్ సెక్యూరిటీ పింఛను 65కు ముందే మొదలుపెట్టినవాళ్లకు పార్ట్ ఏ, బి రెండూ అడక్కుండానే వచ్చేస్తాయి. కార్డు పోస్టులో వస్తుంది, దాన్ని బీరువాలో పెట్టేస్తారు, ఆరు నెలలు చడీచప్పుడు లేకుండా గడిచిపోతాయి. ఉద్యోగం చేస్తున్నారు, పార్ట్ బి వద్దు అనుకుంటే కార్డుతో వచ్చిన కాగితం చదివి, గడువులోగా వద్దని తిప్పి పంపాలి.

రెండు చోట్ల ఎక్కువమంది తడబడతారు. ఒకటి కోబ్రా. లేఆఫ్ అయ్యాక కోబ్రా మీద 18 నెలలు అదే ఇన్సూరెన్సు నడుస్తుంది కదా అని ధీమాగా ఉంటారు. మెడికేర్ దృష్టిలో కోబ్రా ఉద్యోగ ఇన్సూరెన్సు కాదు. ఎనిమిది నెలల లెక్క ఉద్యోగం పోయిన రోజు నుంచే మొదలవుతుంది. కోబ్రా అయిపోయేదాకా ఆగితే జరిమానా ఖాయం. ఐటీలో 65 దాటాక లేఆఫ్ అయినవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు.

రెండోది హెచ్ఎస్ఏ. మెడికేర్‌లో ఏ భాగం తీసుకున్నా హెచ్ఎస్ఏలో డబ్బు వేయకూడదు. 65 దాటాక చేరితే పార్ట్ ఏను ఆరు నెలల దాకా వెనక నుంచి లెక్కేస్తారు. కాబట్టి రిటైర్మెంటుకు ఆరు నెలల ముందే జమలు ఆపేయాలి, కంపెనీ వేసేది కూడా.

ముందు అడ్వాంటేజ్, తర్వాత చూద్దాం

ఏజెంటు కుర్రాడు చెప్పే "జీరో డాలర్లు" ఇదే. పార్ట్ బి ప్రీమియం మాత్రం ఎలాగూ కట్టాలి, ఆ జీరో దానికి పైన. అడ్వాంటేజ్‌లో పళ్లు, కళ్లద్దాలు, ఎక్కువగా మందులు కూడా కలిసొస్తాయి. ఏడాదికి జేబులోంచి పెట్టేదానికి పైపరిమితి ఉంటుంది. 2026లో నెట్‌వర్క్ లోపల అది గరిష్ఠంగా 9,250 డాలర్లు, చాలా ప్లాన్లలో ఇంకా తక్కువ. బదులుగా సాధారణంగా వాళ్ల నెట్‌వర్క్ డాక్టర్ల దగ్గరికే వెళ్లాలి, స్కానింగుకు, సర్జరీకి ముందస్తు అనుమతి అడగాలి. మెడిగ్యాప్ ఉంటే మెడికేర్ తీసుకునే ఏ డాక్టరు దగ్గరికైనా, ఏ రాష్ట్రంలోనైనా వెళ్లొచ్చు. కొడుకు డాలస్‌లో, కూతురు సియాటెల్‌లో ఉండి ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ ఉండే పెద్దవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది.

65కు మొదటిసారి మెడికేర్ వచ్చినప్పుడే అడ్వాంటేజ్‌లో చేరితే, మొదటి 12 నెలల్లో వెనక్కి వచ్చి, మీ రాష్ట్రంలో అమ్మే ఏ మెడిగ్యాప్ అయినా ఆరోగ్య ప్రశ్నలు లేకుండా తీసుకోవచ్చు. ఇది మంచి వెసులుబాటు. అయితే ఆ మొదటి ఏడాది ఆరోగ్యంగానే ఉంటాం, ప్లాను అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇబ్బంది తెలిసేది నాలుగో ఏటో అయిదో ఏటో, జబ్బు చేసి పెద్ద ఆసుపత్రికి వెళ్లాలనుకున్నప్పుడు. అప్పటికి మెడిగ్యాప్ తలుపు చాలా రాష్ట్రాల్లో మూసుకుని ఉంటుంది. మెడిగ్యాప్ నుంచి అడ్వాంటేజ్‌కు మాత్రం ఏటా అక్టోబరులో ఎవరైనా వెళ్లొచ్చు. ప్రీమియం కట్టగలిగే స్థోమత ఉంటే ముందు మెడిగ్యాప్ తీసుకుని, భారమనిపిస్తే తర్వాత అడ్వాంటేజ్‌కు మారడమే నయం అనేది అందుకే. కట్టలేని పరిస్థితి అయితే అడ్వాంటేజ్ తీసుకోవడంలో తప్పేమీ లేదు. ఉత్త మెడికేర్‌తో, పైపరిమితి లేని 20 శాతంతో ఉండటం కన్నా అది ఎంతో మేలు.

గ్రీన్ కార్డ్ మీద వచ్చిన అమ్మానాన్నలు

ఇక్కడ లెక్క పూర్తిగా వేరు. గ్రీన్ కార్డ్‌తో, ఎడతెగకుండా అయిదేళ్లు అమెరికాలో నివాసం ఉన్నాకే మెడికేర్ కొనుక్కునే అర్హత వస్తుంది. నాన్నగారు 67లో వస్తే 72లో. ఆయనకు ఏడు నెలల చేరిక సమయం అయిదేళ్లు నిండే నెల చుట్టూ వస్తుంది. మధ్యలో ఏడాదేసి ఇండియాలో ఉండిపోతే ఆ అయిదేళ్ల లెక్క మీదే ప్రశ్నలు వస్తాయి.

పిల్లలు ఎన్నేళ్లు టాక్సులు కట్టినా అమ్మానాన్నల 40 క్వార్టర్లకు పనికిరావు. ఇండియాలో చేసిన ఉద్యోగమూ పనికిరాదు, రెండు దేశాల మధ్య అలాంటి ఒప్పందం లేదు. అప్పుడు పార్ట్ ఏను డబ్బిచ్చి కొనుక్కోవాలి. 2026లో నెలకు 565 డాలర్లు, పార్ట్ బి 202.90. మెడిగ్యాప్ ఇంకా మొదలుపెట్టకముందే ఒక్కరికి నెలకు 767.90. ఇద్దరైతే ఎంతో చెప్పనక్కర్లేదు. అందుకని కొందరు పార్ట్ బి ఒక్కటే తీసుకుంటారు. మెడిగ్యాప్ కొనాలంటే రెండూ ఉండాలి, ఆరు నెలల లెక్క మాత్రం పార్ట్ బితోనే నడుస్తుంది. పార్ట్ ఏ రెండేళ్ల తర్వాత చూద్దాం అనుకుంటే మెడిగ్యాప్ అవకాశం ఆలోపు జారిపోతుంది. దంపతుల్లో ఒకరికి 40 క్వార్టర్లు ఉంటే మాత్రం, ఆయన లేదా ఆమె వయసు 62 దాటితే, రెండోవారికి 65కు పార్ట్ ఏ ఉచితం.

ఆదాయం బాగా తక్కువున్న పెద్దవాళ్లకు రాష్ట్ర మెడికెయిడ్ పార్ట్ బి ప్రీమియం, కొన్నిసార్లు పార్ట్ ఏ కూడా కడుతుంది. మెడికెయిడ్ ఉన్నవాళ్లకు మెడిగ్యాప్‌తో పని లేదు. ముందు అది అడిగి చూడకుండా మెడిగ్యాప్ అప్లికేషన్ పెట్టకండి.

జి, ఎన్, హై డిడక్టిబుల్ జి

తేదీ తేలాక ఇది పెద్ద విషయం కాదు. ఒకే అక్షరం ప్లాను ఏ కంపెనీ అమ్మినా లోపలి లాభాలు ఒకటే, మసాచుసెట్స్, మిన్నెసోటా, విస్కాన్సిన్ మినహా. జిలో ఏడాదికి 283 డాలర్ల పార్ట్ బి డిడక్టిబుల్ మీరు కడితే, మెడికేర్ ఒప్పుకున్న ఖర్చుల్లో మీ వాటా దాదాపు అంతా అదే చూసుకుంటుంది. ఎన్‌లో ప్రీమియం తక్కువ. డాక్టరు దగ్గరికి వెళ్తే 20 డాలర్ల దాకా, ఎమర్జెన్సీకి వెళ్లి చేరకుండా వచ్చేస్తే 50 డాలర్ల దాకా మనవి. మెడికేర్ రేటు కన్నా ఎక్కువ వసూలు చేసే డాక్టర్ల అదనపు ఛార్జీ ఎన్‌లో రాదు. హై డిడక్టిబుల్ జిలో దాదాపు 3 వేల డాలర్లు మీరు పెట్టాక ప్లాను మొదలవుతుంది. ప్రీమియం చాలా చవక, చేతిలో పొదుపు ఉన్నవాళ్లకు నచ్చుతుంది. ప్లాన్ ఎఫ్ గురించి ఎవరైనా గొప్పగా చెబితే అది 2020 జనవరి 1కి ముందే మెడికేర్ అర్హత వచ్చినవాళ్లకే.

కంపెనీని ఎంచుకునేటప్పుడు ఈ ఏడాది ప్రీమియం ఎంత అని మాత్రమే కాకుండా, వయసుతో పాటు పెరిగే రకమా కాదా, గత కొన్నేళ్లలో ఎంతెంత పెంచారు అని అడగండి. 65లో అందరికన్నా చవకగా కనిపించింది 75లో అలాగే ఉండకపోవచ్చు, అప్పుడు కంపెనీ మారాలంటే మళ్లీ ఆరోగ్య ప్రశ్నలు.

ఇండియా వెళ్లొచ్చేవాళ్లకు

మెడికేర్ ఇండియాలో పనిచేయదు. మెడిగ్యాప్‌లో జి, ఎన్ లాంటి కొన్ని ప్లాన్లకు విదేశీ ఎమర్జెన్సీ సదుపాయం ఉంది. ప్రతి ప్రయాణంలో మొదటి 60 రోజుల్లో వచ్చే ఎమర్జెన్సీకి, 250 డాలర్ల డిడక్టిబుల్ పోను 80 శాతం ఇస్తారు, జీవితకాలంలో 50 వేల డాలర్ల వరకు. సంక్రాంతికి వెళ్లి నెల్లాళ్లుండి వచ్చేవాళ్లకు ఇది బాగానే సరిపోతుంది. నవంబరులో వెళ్లి ఏప్రిల్‌లో వచ్చేవాళ్లకు 60 రోజుల తర్వాతి కాలానికి విడిగా ఏదో ఒకటి ఉండాలి. మోకాలి ఆపరేషను హైదరాబాద్‌లో చేయించుకుందాం లాంటి వాటికి ఇది రానే రాదు.

అడ్వాంటేజ్ ఉన్నవాళ్లు సాధారణంగా ఆరు నెలలు దాటి సర్వీస్ ఏరియా బయట ఉంటే ప్లాన్ నుంచి తీసేస్తారు. మెడిగ్యాప్‌కు ఆ బాధ లేదు, ప్రీమియం కడుతున్నంత కాలం ఉంటుంది. "ఎలాగూ ఎనిమిది నెలలు ఇక్కడ ఉండం కదా" అని మెడిగ్యాప్ ఆపేసి వెళ్లేవాళ్లు తిరిగొచ్చాక మళ్లీ ఆ ఇన్సులిన్ యూనిట్ల ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. వీలైతే ఆటో పేలో పెట్టి వెళ్లండి.

సందేహాలుంటే ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ప్రభుత్వ సలహా కేంద్రం ఉంది. డబ్బు తీసుకోరు, ఏ ప్లానూ అమ్మరు. మెడికేర్ నంబరు 1-800-633-4227కు ఫోన్ చేసి ఇంటర్‌ప్రెటర్ కావాలని కూడా అడగొచ్చు. ఫోన్ చేసేటప్పుడు పార్ట్ బి మొదలయ్యే తేదీ ఉన్న ఉత్తరం, మందుల జాబితా, ఉద్యోగం ఉంటే కంపెనీలో ఎంతమంది పనిచేస్తున్నారో హెచ్ఆర్ ఇచ్చిన జవాబు దగ్గర పెట్టుకోండి.